చివరి బండిని వెలివేసిన మన బుల్లెట్ క్లబ్బుకు బహిరంగ లేఖ

క్లబ్బు పెద్దలకు, తోటి సభ్యులకు నమస్కారం.

ఈ లేఖలో క్లబ్బు పేరు రాయడం లేదు. మాస్టారి పేరూ రాయను. ఆయన నన్ను రాయమని అడగలేదు, రాస్తున్నట్టు ఆయనకు తెలియదు కూడా. ముందు మన గ్రూపులోనే పెడదామనుకున్నాను. అక్కడ పెడితే అరగంటలో దాని మీద పుట్టినరోజు శుభాకాంక్షలు, సైలెన్సర్ల ధరలు వచ్చి పడతాయి, నా గోడు వాటి కిందికి పోతుంది. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

జరిగింది తెలియనివారి కోసం చెబుతాను. మన మాస్టారికి అరవై నాలుగేళ్లు. మోకాళ్లు అరిగిపోయాయి. బుల్లెట్‌ను సెంటర్ స్టాండ్ ఎక్కించేటప్పుడు ఆయన పళ్లు బిగబట్టడం రెండేళ్లుగా అందరం చూస్తున్నాం. గత నెల ఆ బండిని అమ్మేసి, గేర్లు లేని స్కూటరు కొన్నారు. ఆ ఆదివారం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ దగ్గరికి దాని మీదే వచ్చారు. ఎవరూ ఏమీ అనలేదు. టీ ఇచ్చారు, నవ్వారు. ఫొటో తీసేటప్పుడు మాత్రం "మాస్టారూ, స్కూటరు కాస్త పక్కకు పెట్టండి" అని ఒక మాట వినిపించింది. ఆయన పక్కకు పెట్టారు. మర్నాడు గ్రూపులో ఆయన పేరు లేదు. అడిగితే నాకు నిబంధన చూపించారు: సభ్యత్వం బుల్లెట్ యజమానులకు మాత్రమే.

మన పల్లెల్లో దీనికి పాత మాట ఒకటుంది. వెలి. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పెళ్లికి పిలవరు. పూర్వం దానికి రచ్చబండ దగ్గర పెద్దలు కూర్చోవాలి, తప్పు చేసినవాడు ఎదురుగా నిలబడాలి, తన మాట తాను చెప్పుకోవాలి. మనం ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు.

వెలి, మతం అంటూ పెద్ద మాటలు ఎందుకు, ఇది సరదా క్లబ్బు అని కార్యదర్శి గారు నాతో అన్నారు. అయ్యా, దసరాకు మన బండ్లకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించేటప్పుడు ముహూర్తం తప్పినందుకు మీరే కదా చిన్నబుచ్చుకున్నారు? మనకు యాత్ర ఉంది. లద్దాఖ్ వెళ్లొచ్చినవాడికి కాశీ వెళ్లొచ్చినవాడికున్న మర్యాద ఉంది. అక్కడి ఖార్దుంగ్ లా కనుమ దగ్గర చాలాకాలం 18,380 అడుగులని బోర్డు ఉండేది. ఉపగ్రహాల సాయంతో కొలిస్తే 17,600 అడుగుల లోపే తేలింది. మనవాళ్లలో ఒక్కరైనా ఆ కొలతను ఒప్పుకోగా చూడలేదు. బోర్డు దగ్గర ఫొటో దిగినవాడికి బోర్డే ప్రమాణం.

అంతదాకా ఎందుకు, బుల్లెట్‌కు నిజంగానే గుడి ఉంది. రాజస్థాన్‌లో పాలీ నుంచి జోధ్‌పూర్ వెళ్లే దారి పక్కన, ఓం బన్నా స్థానం. ఆ పేరుగల యువకుడు అక్కడ ప్రమాదంలో పోయాడు. పోలీసులు స్టేషనుకు తీసుకుపోయిన బండి తెల్లారేసరికి మళ్లీ ప్రమాదం జరిగిన చోటికే వచ్చి నిలబడిందని కథ. ఆ బుల్లెట్ ఇప్పుడు అద్దాల గదిలో ఉంది. దారిన పోయే లారీవాళ్లు ఆగి దండం పెట్టుకుంటారు, అగరువత్తులు వెలిగిస్తారు, కొందరు మద్యం కూడా నైవేద్యం పెడతారు. నాకు ఆ గుడి మీద ఎగతాళి లేదు. చచ్చిపోయిన ఒక కుర్రవాడి జ్ఞాపకం, రాత్రిపూట రహదారి మీద ఉండే భయం, రెండూ కలిసి అక్కడ నిలబడ్డాయి. మన షోరూము భక్తికన్నా దానికే ఎక్కువ పునాది ఉందనిపిస్తుంది.

నేనూ భక్తుడినే. నాకు దీక్ష ఇచ్చింది మా నాన్న. పద్నాలుగో ఏట, మా పెరట్లో. బండి పాత కాస్ట్ ఐరన్ ఇంజినుది, గేర్లు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే రకం. కిక్ రాడ్డును మెల్లగా నొక్కుతూ యాంపియర్ మీటరులో ముల్లు సరిగ్గా నడిమికి వచ్చేచోట ఆగమన్నారు. ఇంజినులో ఒత్తిడిని వదిలించే డీకంప్రెషన్ లివరు పట్టి రాడ్డును ఇంకొంచెం దించమన్నారు. లివరు వదిలి, రాడ్డును పైకి రానిచ్చి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను. తొందరపడితే రాడ్డు తిరిగి తంతుంది, చీలమండ వాస్తుంది. మూడు సాయంత్రాలు పట్టింది నాకు. నాలుగో రోజు ఇంజిను మోగినప్పుడు నాన్న ఏమీ అనలేదు, వంటింట్లోకి చూసి "కాఫీ ఇద్దరికి పెట్టు" అన్నారు అమ్మతో. అంతకుముందు నాకు ఇంట్లో కాఫీ ఇచ్చేవారు కాదు.

కాబట్టి ఈ భక్తిని పిచ్చి అనే అర్హత నాకు లేదు. అయితే అది ఎలా పుట్టిందో ఒకసారి చూడండి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడిచ్ ఊరిది. మొదటి మోటారు బండి 1901లో. తుపాకుల కర్మాగారానికి భాగాలు అమ్మిన గతం ఉంది గనుక ఫిరంగి బొమ్మ గుర్తుగా పెట్టుకుంది, బండిని తుపాకీలా తయారుచేశామని చెప్పుకుంది. బుల్లెట్ పేరు 1932లో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యం సరిహద్దు గస్తీకి ఆ బండినే ఎంచుకుంది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో పొత్తు కుదిరి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు శివారు తిరువొత్తియూరులో బండ్లు తయారయ్యాయి. రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, ఆ తర్వాత కొన్నేళ్లకే ఇంగ్లండు కంపెనీ ఊసే లేకుండా పోయింది. పుట్టింట్లో పోయిన బండి అత్తింట్లో బతికింది. 1977 నుంచి తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయింది.

ఆ రోజుల్లో బుల్లెట్‌కు భక్తులు లేరు, యజమానులు ఉన్నారు. ఎస్సై గారు, పొలాలున్న ఆసామి, పాల వ్యాపారి. దూరం వెళ్లాలి, బరువు లాగాలి, కొన్నారు. 1980లలో జపాను సాయంతో తేలికైన 100 సీసీ బండ్లు వచ్చాయి. లీటరుకు బోలెడు దూరం పోయేవి, చీర కట్టుకున్న ఆడవాళ్లు కూడా మీట నొక్కి నడపగలిగే స్కూటర్లూ వెనకే వచ్చాయి. అవసరం కోసం బుల్లెట్ కొన్నవాళ్లు అటు వెళ్లిపోయారు. 2000 నాటికి, అప్పటికే యజమానులుగా ఉన్న ఐషర్ వాళ్లు దీన్ని మూసేయాలా అని ఆలోచించారు. ఐషర్ యజమాని కొడుకు సిద్ధార్థ లాల్ గడువు అడిగి బాధ్యత తీసుకున్నారు. అప్పటికి మిగిలినవాళ్లెవరంటే, లెక్క ప్రకారం ఈ బండి కొనకూడదని తెలిసి కొన్నవాళ్లు. మన మతం వాళ్లతో పుట్టింది. గ్యాస్ సిలిండరుకు అభిమాన సంఘం ఉండదు చూడండి, అది అందరికీ కావాలి గనుక.

మతం పుట్టాక శాఖలు పుట్టకుండా ఉంటాయా! గేరు కుడి నుంచి ఎడమకు మారింది. 2009 ప్రాంతంలో కాస్ట్ ఐరన్ ఇంజిను పోయి, ఇంజినూ గేర్‌బాక్సూ ఒకే ముక్కగా ఉన్న అల్యూమినియం ఇంజిను వచ్చింది. నడపడం సులువైంది, చెయ్యి నల్లబడటం తగ్గింది. మనలో పెద్దలు మాత్రం శబ్దం చచ్చిపోయిందని సంతాపం పాటించారు. రైట్ గేరు బండివాళ్లు కొత్త బండివాళ్లను చూసే చూపు మీకు తెలుసు. వైష్ణవుల్లోని వడగలై, తెంగలై శాఖల నామాల తగాదా మన పార్కింగు స్థలంలో జరుగుతూ ఉంటుంది. నేను తెంగలైనే, అంటే రైట్ గేరువాడినే, దాచను.

శబ్దం మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ వాళ్లు తమ ఇంజిను చప్పుడును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని 1994లో దరఖాస్తు పెట్టారు. పోటీ కంపెనీలు అడ్డుపడ్డాయి. ఆరేళ్లు పోరాడి 2000లో వదులుకున్నారు. ఆ కంపెనీ కూడా ఒకసారి చావుదాకా వెళ్లింది. 1981లో అందులోని అధికారులే అప్పుచేసి దాన్ని తిరిగి కొన్నారు. 1983లో యజమానుల సంఘం పెట్టారు. కంపెనీయే పెట్టింది, గుర్తుంచుకోండి. బండి అమ్మాక సంబంధం తెగిపోకూడదు, ఆదివారం తెల్లారితే వీళ్లకు వెళ్లడానికి ఒక చోటు ఉండాలి అని వాళ్లకు అర్థమైంది. ఆపిల్ అయితే ఇంకా సూటిగా పోయింది. 1980లలో మాకింటోష్ గురించి ప్రచారం చేసే ఉద్యోగికి సువార్తికుడు అని హోదా పెట్టింది.

మన కంపెనీకీ అర్థమైంది. 2004 నుంచి హిమాలయాలకు యాత్ర నడుపుతోంది, గోవాలో జాతర నడుపుతోంది, జాకెట్లు, హెల్మెట్లు, చొక్కాలు అమ్ముతోంది. ఇందులో మోసం ఏమీ లేదు, వ్యాపారం. నా దగ్గరా రెండు జాకెట్లున్నాయి. విజయవాడ ఎండలో వాటిని వేసుకుని తిరగడానికి వైరాగ్యం కావాలి, అయినా వేసుకుంటాను. కానీ మన మంగళగిరి పానకాల స్వామిని తలుచుకోండి. బిందెడు పానకం పోస్తే సగం తాగి సగం వదిలేస్తాడు, అది ప్రసాదమై మనకే వస్తుంది. షోరూము కౌంటరు దగ్గర అలాంటి ఏర్పాటు ఉన్నట్టు నేను చూడలేదు. మన భక్తి ఐషర్ వాటాదారుల లెక్కల్లో చేరుతుంది. చేరనివ్వండి. బండి ఇచ్చారు, డబ్బు తీసుకున్నారు, అక్కడితో సరి. వాళ్లు అడగని కాపలా మనం ఎందుకు కాస్తున్నాం? బుల్లెట్ లేనివాడిని గ్రూపులోంచి తీసేయమని ఏ కంపెనీ మనకు ఉత్తరం రాసింది?

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మోటారు బండ్లది కాదు. ఆపిల్ కంపెనీ 1993లో న్యూటన్ అనే చేతి కంప్యూటర్ తెచ్చింది. తెర మీద పుల్లతో రాస్తే చదివేది. సరిగా చదవడం లేదని జనం నవ్వారు. 1998లో కంపెనీ దాన్ని ఆపేసింది. కొత్తది రాదు, విడిభాగాలు రావు. అయినా దాని వాడకందారులు చెదిరిపోలేదు. ఒకరి పరికరం చెడిపోతే ఇంకొకరు బాగుచేసుకుంటూ, ప్రోగ్రాములు రాసుకుంటూ ఏళ్ల తరబడి కలిసి ఉన్నారు. వాళ్ల మాటలను ఇద్దరు అమెరికా పరిశోధకులు పరిశీలించి 2005లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లకు అందులో దొరికినవి అచ్చం మతగాథలే. లోకం తమను హింసించిన కథలు, చచ్చిన యంత్రం లేచి పనిచేసిన మహిమలు, తమ న్యూటన్ ఎప్పుడో మళ్లీ వస్తుందన్న ఆశ.

నవ్వొస్తుంది, నిజమే. కానీ అక్కడ కంపెనీ లేదు. దేవుడు గుడి వదిలి వెళ్లిపోయాడు, పూజారి వెళ్లిపోయాడు, హుండీ ఎత్తేశారు. అయినా జనం ప్రతిరోజూ వచ్చి ముచ్చట్లాడుకుని వెళ్లారు. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లో ఆస్ట్రేలియా ఆదివాసుల టోటెమ్ ఆరాధన గురించి రాస్తూ, ఒక తెగ తన గుర్తైన జంతువునో మొక్కనో పూజిస్తున్నప్పుడు నిజానికి పూజిస్తున్నది తమ కూటమినే అన్నాడు. పండితులు దాని మీద చాలా వాదించుకున్నారు. నాకు మాత్రం ఆ మాట అర్థం కావడానికి ఆస్ట్రేలియా అక్కర్లేదు, మన ధాబా చాలు.

పదకొండేళ్లుగా ఈ క్లబ్బులో ఉన్నాను. రైస్ మిల్లు యజమాని, కలెక్టరేటులో గుమాస్తా, ఆటోనగర్ మెకానిక్, రాత్రంతా భోజనాలు చేరవేసి కళ్లు ఎర్రబడ్డ కుర్రవాడు, ఒకే నులకమంచం మీద కూర్చుని ఒకే పళ్లెంలో పెసరట్టు తుంచుకున్నాం. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడని చెప్పుకుంటాం కదా. ఈ ఊళ్లో నాకు దొరికిన చాపకూడు ఇదే. మీలో సగంమంది ఇంటిపేర్లు నాకు ఇప్పటికీ తెలియవు. మన ప్రాంతంలో ఇంటిపేరు అడగకుండా పదకొండేళ్లు స్నేహం చేయడమంటే చిన్న సంగతి కాదు, దాని వెనక ఏం అడుగుతారో మనందరికీ తెలుసు. అలాంటి చోట మనం కులం అడగడం మానేసి కంపెనీ అడగడం మొదలుపెట్టాం.

మాస్టారు ఈ క్లబ్బులో ఏం చేసేవారో కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. తొమ్మిదేళ్లు ఆయన మన స్వీప్ రైడరు. ముందు నడిచేవాడి ఫొటోలు అందరి దగ్గరా ఉంటాయి. చివర వచ్చేవాడి ఫొటో ఎవరూ తీయరు. ఎవరు ఆగినా తాను ఆగాలి, ఎవరినీ దాటి ముందుకు పోకూడదు, అందరూ చేరాకే తాను చేరాలి. టీ చల్లారిపోయి ఉంటుంది, ఇడ్లీలు అయిపోయి ఉంటాయి.

శ్రీశైలం రైడు గుర్తుందా? దోర్నాల దగ్గర అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు, మళ్లీ తెల్లారి ఆరింటికే తీస్తారు. ఆ లోపు దాటాలని అందరం తొందరపడ్డాం. దోర్నాలకు ముందే ఒక కొత్త కుర్రవాడి బండి వెనక టైరుకు మేకు దిగింది. మనం గేటు దాటి ఘాట్ ఎక్కేసి, సత్రంలో స్నానాలు చేసి పడుకున్నాం. మాస్టారు ఆ కుర్రవాడితో మూసేసిన ఒక కొట్టు అరుగు మీద రాత్రంతా కూర్చున్నారు. వాడికి నిద్ర రాకుండా, భయం వేయకుండా, ఆయన ఏం చేశారో తెలుసా, పదో తరగతి త్రికోణమితి చెప్పారట. పొద్దున ఏడున్నరకు ఇద్దరూ పైకి వచ్చారు. ఆ కుర్రవాడు ఇప్పుడు మన గ్రూపు అడ్మిన్లలో ఒకడు. ఆ బటన్ నొక్కింది వాడేనని నేను అనడం లేదు. నొక్కలేదనీ వాడు నాతో చెప్పలేదు.

నా సంగతీ చెప్పాలి. "స్కూటరు కాస్త పక్కకు పెట్టండి" అన్నది నేనే. ఫోను పట్టుకుని ఉన్నాను, వరుస బాగుంది, సూర్యుడు అప్పుడే కృష్ణ మీదికి వస్తున్నాడు, పన్నెండు ఫిరంగి గుర్తుల మధ్య ఆ తెల్ల స్కూటరు కంటికి అడ్డం వచ్చింది. ఆలోచించి అన్న మాట కాదు. అందుకే ఎక్కువ బాధగా ఉంది. నా కంటికి అక్కడ మాస్టారు కనపడలేదు.

మీ అభ్యంతరం నాకు తెలుసు. ఇవాళ మాస్టారిని ఉండనిస్తే రేపు ఎవడో పక్క కంపెనీ బండి వేసుకుని వస్తాడు, ఎల్లుండి కారు వేసుకుని వస్తాడు, ఇక బుల్లెట్ క్లబ్బు అని పేరెందుకు అంటారు. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. గుర్తు లేకుండా గుంపు నిలబడదు. పేరు మార్చమని నేను అడగడం లేదు. కొత్తగా చేరేవారికి బుల్లెట్ ఉండాలన్న నిబంధన ఉంచుకోండి. చేరాక అది ఉన్నా లేకపోయినా సభ్యులు సభ్యులే అని ఒక వాక్యం చేర్చండి. మనలో యాభై దాటినవాళ్లు తొమ్మిదిమంది ఉన్నాం. మోకాళ్లు అందరికీ ఉన్నాయి. ఘాట్ రోడ్లకు స్కూటరు వద్దంటే సరే, అది భద్రతకు సంబంధించిన మాట. కొండపల్లి వరకు, ఉండవల్లి వరకు, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పోతే మన ఇంజిన్లు అలగవు. అసలు పాత ఇంజిను మోత వినాలంటే అదే సరైన వేగమని మీరే అంటారు.

వచ్చే ఆదివారం కొండపల్లి రైడుకు స్వీప్ రైడరుగా నా పేరు రాశారు. చివర రావడం నాకు చేతకాదు. పోయినసారి ఇబ్రహీంపట్నం దగ్గర ఇద్దరిని వెనక వదిలేసి వచ్చాను, తెలిసింది ఫలహారం దగ్గర తలలు లెక్కపెట్టినప్పుడే. ఆ పని తెలిసినవారు ఒకరే ఉన్నారు. ఆయన్ను నేను వెళ్లి పిలుస్తాను. ముందు నేను అన్న మాటకు క్షమాపణ చెప్పుకోవాలి గనుక ఎలాగూ వెళ్లాలి. శనివారం సాయంత్రంలోగా గ్రూపులో ఆయన్ను తిరిగి చేర్చండి. నంబరు మారలేదు.

మీ సభ్యుడు,
రైట్ గేరు బండివాడు,
విజయవాడ